అమ్మ మోకాళ్ళకి ఏ డబ్బా కొనాలి అని అడిగినందుకు

నమస్కారమండీ. మీరు రాసింది పూర్తిగా చదివాను. అమ్మగారికి 64 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పి, మెట్లెక్కేటప్పుడు దిగేటప్పుడు మరీ ఎక్కువ, ఎక్స్‌రే చూసి అరుగుదల మొదలైందన్నారు, షుగర్‌కీ బీపీకీ మాత్రలు వాడుతున్నారు. ఇంట్లో ఇప్పటికే గ్లూకోసమైన్ డబ్బా, కాల్షియం స్ట్రిప్పులు, డి విటమిన్ సాచెట్లు ఉన్నాయి, మీరు డల్లాస్ నుంచి వచ్చేటప్పుడు కొల్లాజెన్ పౌడరూ పసుపు క్యాప్సూల్సూ కూడా తేవాలా, తెస్తే ఏ కంపెనీవి తేవాలి అని అడిగారు. నేను ఫిజియోథెరపిస్టుని, చాలా ఏళ్ళు విజయవాడలో ఎముకల ఆసుపత్రుల్లో చేసి ఇప్పుడు సొంతంగా క్లినిక్ చూసుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పితో వచ్చే పెద్దవాళ్ళు దాదాపు అందరూ చేతిసంచిలో మందులన్నీ వేసుకునే వస్తారు, వాటిని బల్ల మీద పరిచి ఒక్కో స్ట్రిప్పు వెనకాల ఏముందో చదవడం నాకు అలవాటు, కాబట్టి ఈ విషయం మీద కాస్త వివరంగానే రాస్తాను. మందులు ఆపడం, మార్చడం మాత్రం ఆవిడని చూసే డాక్టరుగారితో మాట్లాడాకే చెయ్యండి.

ముందే చెప్పేస్తున్నాను, అరిగిపోయిన గుజ్జుని మళ్ళీ పెంచుతుందని రుజువైన మాత్రగానీ పొడిగానీ ఇప్పటివరకు లేదు. మెడికల్ షాపులో "గుజ్జు పెరగడానికి మాత్రలు" అని ఇచ్చేవన్నీ, అమెరికాలో జాయింట్ సపోర్ట్ అని పెద్ద పెద్ద డబ్బాల్లో అమ్మేవన్నీ, మహా అయితే కొంతమందికి నొప్పి కొద్దిగా తగ్గిస్తాయేమో, అంతే. ఇది మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

గ్లూకోసమైన్ సంగతి మొదట చూద్దాం, ఎందుకంటే అందరి సంచిలోనూ ఉండేది అదే. మన కార్టిలేజ్‌లో, అంటే మనం గుజ్జు అంటాం చూడండి, అందులో ఉండే పదార్థాల్లో ఇదొకటి, కాబట్టి నోటి ద్వారా తీసుకుంటే అక్కడికెళ్ళి చేరుతుంది అనేది దీని వెనకున్న ఆలోచన. 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, 212 మందిలో కొందరికి ఈ మాత్ర, మిగతావాళ్ళకి ఉత్తి బిళ్ళ మూడేళ్ళపాటు ఇచ్చి ఎక్స్‌రేలు తీస్తే, రోజుకి 1500 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళ కీలులో ఎముకల మధ్య గ్యాప్ తగ్గడం, అంటే గుజ్జు అరగడం, ఆగినట్టు కనిపించింది. దాంతో ప్రపంచమంతా ఈ మాత్రలు పట్టుకుంది. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ డబ్బుతో పెద్ద పరీక్ష ఒకటి పెట్టారు, దాని పేరు గెయిట్, 2006లో ఫలితాలొచ్చాయి, 1583 మంది, 24 వారాలు. ఒక గుంపుకి గ్లూకోసమైన్, ఒక గుంపుకి కాండ్రాయిటిన్ (గ్లూకోసమైన్‌తో కలిపి అమ్మే ఇంకో గుజ్జు పదార్థం), ఒక గుంపుకి రెండూ కలిపి, ఒక గుంపుకి సెలికాక్సిబ్ అనే నొప్పి మాత్ర, ఇంకో గుంపుకి అచ్చం మాత్రలాగే ఉండే ఉత్తి బిళ్ళ. ఉత్తి బిళ్ళ మింగినవాళ్ళలో 60 శాతం మందికి నొప్పి బాగా తగ్గింది, గ్లూకోసమైన్ వాళ్ళలో 64, రెండూ కలిపి తీసుకున్నవాళ్ళలో 66.6. అంత చిన్న తేడా మందు వల్లే వచ్చిందని చెప్పలేం అని తేల్చారు. నొప్పి మరీ ఎక్కువున్న చిన్న గుంపులో మాత్రం రెండూ కలిపినది బాగా పనిచేసినట్టు కనిపించింది, కంపెనీలు ఇప్పటికీ ఆ ముక్కనే పట్టుకుని ప్రచారం చేస్తాయి.

దీంట్లో గమనించాల్సింది ఆ 60 శాతం అండీ. మోకాలి నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు, పెరుగుతుంది తగ్గుతుంది, బాగా పెరిగినప్పుడే మనం కొత్త మందు మొదలుపెడతాం, ఆ తర్వాత దానంతటదే తగ్గినా క్రెడిట్ మందుకి వెళ్తుంది. పైగా కొడుకు అమెరికా నుంచి తెచ్చాడన్న ధీమా కూడా పనిచేస్తుంది. "మా వదినగారికి ఈ పౌడర్‌తో పూర్తిగా తగ్గిపోయింది" అని ఎవరైనా చెప్తే వాళ్ళు అబద్ధం చెప్తున్నట్టు కాదు, నిజంగానే తగ్గి ఉంటుంది, అది పౌడర్ వల్లేనా అనేది ఆ ఒక్కరిని చూసి చెప్పలేం.

2019లో అమెరికాలో కీళ్ళవ్యాధుల డాక్టర్ల సంఘం తమ మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకి గ్లూకోసమైన్ వద్దు అని గట్టిగానే రాసింది. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యంలో కూడా ఇవ్వొద్దనే చెప్పారు. అందుకే మీ ఇంట్లో ఉన్న డబ్బా అయిపోయాక మళ్ళీ కొనక్కర్లేదనేది నా అభిప్రాయం. ఇప్పటికే వాడుతున్నది పెద్దగా హాని చేసేదేమీ కాదు, కానీ రెండు మూడు విషయాలు చూసుకోండి. రక్తం పలచబడే మాత్ర, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్ళు దీన్ని వేసుకోకూడదు, రక్తం మరీ పలచబడి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఇంకోటి, గ్లూకోసమైన్‌ని మామూలుగా రొయ్యల పెంకు, పీతల పెంకు నుంచే తీస్తారు, కాండ్రాయిటిన్ అయితే పశువుల శ్వాసనాళం మృదులాస్థి నుంచీ, సొరచేపల నుంచీ వస్తుంది. రొయ్యలు పడనివాళ్ళు ఇది చూసుకోవాలి, అంతేకాదు, మడిగా ఉండే శాకాహారుల ఇళ్ళలో కూడా ఇది తెలియక ఏళ్ళ తరబడి మింగుతున్నవాళ్ళని చూశాను, తెలిసాక చాలా బాధపడ్డారు. మీది శాకాహార కుటుంబమైతే ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడండి, మొక్కజొన్న నుంచి పులియబెట్టి తీసేది కూడా దొరుకుతుంది.

ఇక్కడ మన మెడికల్ షాపుల్లో గ్లూకోసమైన్ పేరుతో ఇచ్చే వాటిలో చాలావాటిలో డయాసెరిన్ అనే ఇంకో మందు కలిసి ఉంటుంది. స్ట్రిప్పు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒకసారి అమ్మగారిని ఫోటో తీసి పంపమనండి. డయాసెరిన్ వల్ల మూత్రం ముదురు పసుపు రంగులోకి మారుతుంది, దానికి భయపడక్కర్లేదు, కానీ విరేచనాలు పట్టుకుంటాయి, పెద్దవాళ్ళలో అది నీరసం దాకా వెళ్తుంది. 2014లో యూరప్ మందుల సంస్థ 65 ఏళ్ళు, ఆపై వయసున్నవాళ్ళకి దీన్ని వాడడం మంచిది కాదని చెప్పింది. నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన రెండు నెలలుగా కడుపు బాగోలేదని టిఫిన్ మానేసి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నారు, అందరూ షుగర్ మాత్ర వల్ల అనుకున్నారు, సంచి విప్పితే కీళ్ళ మాత్రలో ఇది ఉంది. డాక్టరుగారికి చెప్పి ఆపించాక కడుపు కుదుటపడింది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్ళకి ముందే కడుపు కొంచెం వదులుగా ఉంటుంది, దానికిది తోడైతే ఇంకా కష్టం.

ఇప్పుడు డి విటమిన్, కాల్షియం. వీటి దగ్గర నేను కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే ఇవి అవసరమైనవే, కానీ మన ఇళ్ళల్లో వాడే పద్ధతి చాలా ప్రమాదకరంగా ఉంటోంది. మొదట అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే ఇవి ఎముకకి సంబంధించినవి, గుజ్జుకి కాదు. డి విటమిన్ బాగా తక్కువుంటే ఒళ్ళంతా నొప్పులు, తొడ కండల్లో బలం లేకపోవడం, కింద కూర్చుంటే లేవలేకపోవడం ఉంటాయి, దాన్ని సరిచేస్తే ఆ బాధ తగ్గుతుంది. కానీ మామూలుగా ఉన్నవాళ్ళకి ఇంకా ఇస్తే మోకాలి నొప్పి తగ్గదు. అమెరికాలో వైటల్ అని దాదాపు 26 వేల మందితో చేసిన పెద్ద పరీక్షలో రోజుకి 2000 యూనిట్ల డి విటమిన్ ఇచ్చి చూశారు, అందులో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని విడిగా గమనిస్తే ఏళ్ళ తర్వాత కూడా తేడా ఏమీ లేదు, చేపనూనె ఇచ్చినవాళ్ళలోనూ లేదు.

మన దగ్గర డాక్టర్లు లోపం ఉంటే 60 వేల యూనిట్ల సాచెట్ వారానికొకటి చొప్పున సుమారు 8 వారాలు రాస్తారు, తర్వాత నెలకొకటికి తగ్గిస్తారు. ఇంట్లో ఏం జరుగుతుందంటే ఆ చీటీ ఫ్రిజ్ మీద అలాగే ఉంటుంది, షాపతను అడిగినప్పుడల్లా ఇస్తాడు, ఆదివారం పాలల్లో కలుపుకుని తాగడం ఒక అలవాటైపోతుంది, ఏడాది రెండేళ్ళు వారం వారం నడుస్తుంది. దానికి తోడు కాల్షియం మాత్రలో డి ఉంటుంది, కొడుకు పంపిన మల్టీవిటమిన్‌లో డి ఉంటుంది. డి విటమిన్ ఎక్కువైతే నీళ్ళలో కలిసి బయటికి పోయే రకం కాదు, ఒంట్లో కొవ్వులో నిలవుంటుంది, రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. అప్పుడు వికారం, ఆకలి లేకపోవడం, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మనిషి మందకొడిగా అయిపోవడం, చివరికి కిడ్నీల మీద పడుతుంది. ఇవన్నీ షుగర్ ఉన్న పెద్దవాళ్ళలో షుగర్ వల్లే అనుకుని వదిలేస్తారు, అదే భయం. కాబట్టి అమ్మగారికి ఆ సాచెట్లు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎన్ని అయ్యాయి, చివరి రక్తపరీక్షలో అంకె ఎంత అనేది ముందు కనుక్కోండి. పరీక్ష చేయించి ఏడాది దాటితే మళ్ళీ చేయించకుండా ఇంకో సాచెట్ వెయ్యనివ్వకండి, చేయించేటప్పుడు దాంతోపాటు కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూపించండి.

కాల్షియం మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలి, ముట్లు ఆగిన ఆడవాళ్ళకి 1200. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 దాకా ఉంటుంది, గ్లాసు పాలల్లో ఓ 240, గేదె పాలైతే ఇంకాస్త ఎక్కువ, పెరుగు, నువ్వులు, మునగాకు, తోటకూర ఇవన్నీ ఉన్నాయి. ఉదయం రాగి జావ, రెండు పూటలా పెరుగు, ఒక గ్లాసు పాలు, వారంలో నాలుగు రోజులు ఆకుకూర తినేవాళ్ళకి మాత్ర అవసరం చాలావరకు తగ్గిపోతుంది. మాత్ర వేసుకుంటే 500ది ఒకటి భోజనం అయిన వెంటనే వేసుకోవాలి, మామూలుగా దొరికే కార్బొనేట్ రకం పరగడుపున వేసుకుంటే సరిగా పట్టదు, ఒకేసారి రెండు వేసుకున్నా ఒంటికి పట్టేది పెద్దగా పెరగదు. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే దానికీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి, చాలామందికి ఈ మాట ఎవరూ చెప్పరు, పొద్దున్నే రెండూ కలిపి మింగేసి థైరాయిడ్ కంట్రోల్ కావట్లేదని డోసు పెంచుకుంటూ పోతారు.

కొల్లాజెన్ పౌడర్ గురించి. ఇది ఈ మధ్య బాగా ఊపందుకుంది, ఆడవాళ్ళకి చర్మానికి అనీ కీళ్ళకి అనీ అమ్ముతున్నారు. ఇది పశువుల చర్మం, ఎముకలు, చేపల చర్మం, పొలుసుల నుంచి తీసే ప్రోటీన్, చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి పొడి చేస్తారు. మనం తాగాక కడుపులో మిగతా ప్రోటీన్‌లాగే అరుగుతుంది, ఆ ముక్కలు నేరుగా మోకాలికి నడిచి వెళ్ళి గుజ్జుగా అతుక్కోవు. రోజుకి 10 గ్రాముల చొప్పున కొన్ని నెలలు ఇచ్చిన పరీక్షల్లో కొందరికి నొప్పి కొద్దిగా తగ్గింది అనే ఫలితాలున్నాయి, కానీ ఎక్కువ శాతం చిన్నవి, అమ్మే కంపెనీలే డబ్బు పెట్టి చేయించినవి. 40 మిల్లీగ్రాముల చిన్న క్యాప్సూల్ ఇంకోటి ఉంటుంది, టైప్ టూ కొల్లాజెన్ అని, కోడి రొమ్ము ఎముక మృదులాస్థి నుంచి తీస్తారు, అది వేరే రకం, దాని సంగతీ ఇంతే. "వీగన్ కొల్లాజెన్", "ప్లాంట్ కొల్లాజెన్" అని రాసి ఉంటే అందులో అసలు కొల్లాజెన్ ఉండదు, మొక్కల్లో కొల్లాజెన్ అనేదే లేదు, సి విటమిన్, ఏవో సారాలు వేసి ఆ పేరు పెడతారు. మీరు 10 గ్రాముల కొల్లాజెన్‌కి పెట్టే డబ్బుతో అమ్మగారికి రోజూ రెండు గుడ్లు, లేదా తినకపోతే పప్పు, పెరుగు, పనీర్, సెనగలు పెంచితే అంతకంటే మేలైన ప్రోటీన్ వెళ్తుంది, అది తొడ కండకి పనికొస్తుంది. కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే ముఖ్యమైన అమినో ఆమ్లం అసలు ఉండదు, కండ పెరగడానికి అది అంత మంచి ప్రోటీన్ కాదు.

పసుపుకి వస్తే, వీటన్నిటిలోకి కాస్త ఆశ ఉన్నవాటిలో ఇదొకటి, కానీ వంటింట్లో పసుపు వేరు క్యాప్సూల్ వేరు. పసుపులో పనిచేసే కర్‌క్యుమిన్ ఓ 3 శాతం ఉంటుంది, చెంచాడు పసుపు వేసి పాలు తాగితే ఓ 90 మిల్లీగ్రాములు పడుతుందేమో, అందులోనూ ఒంటికి పట్టేది చాలా కొద్ది. థాయ్‌లాండ్‌లో 2014లో 367 మంది మోకాలి అరుగుదల వాళ్ళకి నాలుగు వారాలు రోజుకి 1500 మిల్లీగ్రాముల పసుపు సారం ఇచ్చి, ఇంకో గుంపుకి 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర ఇచ్చి పోల్చారు, నొప్పి తగ్గడంలో రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి, కడుపు బాధ మాత్రం పసుపు వాళ్ళకి తక్కువ. అది మంచి విషయమే. అయితే ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపిన క్యాప్సూల్స్ వస్తున్నాయి, అలాంటివి వాడినవాళ్ళలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు ఇటలీలోనూ అమెరికాలోనూ నమోదయ్యాయి. చాలా అరుదు, కానీ సహజమైనది కదా ఏం కాదులే అనుకోవద్దు. క్యాప్సూల్ వాడుతుండగా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురుగా వచ్చినా, ఒళ్ళంతా దురద పెట్టినా వెంటనే ఆపేసి లివర్ పరీక్ష చేయించాలి. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు వీటి జోలికి పోవద్దు.

ఇంకోటి శల్లకి, సాంబ్రాణి జాతి చెట్టు బంక, డబ్బా మీద బోస్వెల్లియా అని ఉంటుంది. దీని మీద మంచి పరీక్షల్లో ఒకటి మన ఏలూరులోనే జరిగింది, 2008లో ప్రచురించారు, 75 మందితో 90 రోజులు చేశారు, కొందరికి రోజుకి 100 లేదా 250 మిల్లీగ్రాముల సారం, మిగతావాళ్ళకి ఉత్తి బిళ్ళ ఇచ్చారు, సారం తీసుకున్నవాళ్ళకి నొప్పీ నడకా రెండూ మెరుగయ్యాయి. ఆ సారం తయారుచేసేది కూడా విజయవాడ కంపెనీయే, పరీక్ష చేయించింది కూడా వాళ్ళే, అది గుర్తుపెట్టుకుని చదవాలి. అంతకుముందు 2003లో నాగపూర్‌లో 30 మందితో చేసినదాంట్లో కూడా బాగానే పనిచేసింది. అన్నీ చిన్న పరీక్షలు, కొద్ది నెలలవి. అయినా నన్ను ఎవరైనా "ఏదో ఒకటి వాడతానమ్మా, ఏది వాడను" అని పట్టుబడితే నేను శల్లకి గానీ పసుపు సారం గానీ డాక్టరుతో చెప్పి ఒకటి ప్రయత్నించమంటాను, రెండూ కలిపి మొదలుపెట్టొద్దంటాను, ఏది పనిచేసిందో తెలియదు కదా. మీరు డల్లాస్‌లో వెతికే బదులు ఇక్కడే దొరుకుతాయి.

చేపనూనె రుమటాయిడ్ కీళ్ళవాతంలో (ఒంట్లో రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద దాడిచేసే జబ్బు, అరుగుదల కాదు) కొంత సాయం చేస్తుంది, అదీ అందులో పనిచేసే ఒమేగా త్రీ అనే కొవ్వు రోజుకి 3 గ్రాముల దాకా పడితే, మామూలు 1000 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో అసలు ఒమేగా త్రీ 300 మాత్రమే ఉంటుంది, అంటే పది మింగాలి. అరుగుదలకి దాని అవసరం లేదు.

డబ్బా కొనేముందు వెనక్కి తిప్పి చూడడం అలవాటు చేసుకోండి. ఇక్కడ ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార పదార్థాలకి లైసెన్సులిచ్చే కేంద్ర సంస్థ) వాళ్ళ 14 అంకెల నంబరు ఉండి "వైద్య అవసరాలకు కాదు" అనే అర్థం వచ్చే మాట ఇంగ్లీషులో రాసి ఉంటే అది ఆహారం కింద అమ్ముతున్నది, మందుకి పెట్టే పరీక్షలు దానికి పెట్టరు. అమెరికాలో కూడా అంతే, 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లు అమ్మడానికి ముందు ఎఫ్‌డీఏ (అక్కడ మందుల్నీ ఆహారాన్నీ చూసే ప్రభుత్వ సంస్థ) అనుమతి అక్కర్లేదు, అక్కడిది కాబట్టి నాణ్యత గ్యారంటీ అనుకోనక్కర్లేదు. యూఎస్‌పీ అనే స్వతంత్ర సంస్థ పరీక్షించి ఇచ్చే "యూఎస్‌పీ వెరిఫైడ్" ముద్ర ఉంటే కనీసం రాసినదే లోపల ఉందని నమ్మొచ్చు. ఆన్‌లైన్‌లో వచ్చే అద్భుతమైన కీళ్ళ మాత్రల విషయంలో మరీ జాగ్రత్త, 2022లో ఆర్ట్రి కింగ్ అనే డబ్బాలో లేబుల్ మీద చెప్పకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కలిపారని ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మన ఊళ్ళల్లో కూడా పేరు లేని పొట్లాల్లో, సీసాల్లో ఇచ్చే నల్ల మాత్రలూ పొడులూ ఉంటాయి, మూడు రోజుల్లోనే నొప్పి మాయమైందంటే, ఆకలి బాగా పెరిగి మొహం గుండ్రంగా ఉబ్బి షుగర్ అదుపు తప్పిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అని అనుమానించాల్సిందే. అలాంటిది ఎన్నాళ్ళుగానో వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయకూడదు, డాక్టరు దగ్గరికి ఆ పొట్లం పట్టుకెళ్ళాలి.

అమ్మగారికి నిజంగా అరుగుదలేనా అనేది కూడా చూసుకోండి. పొద్దున్న లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి గంటసేపు వదలకపోయినా, రెండు చేతుల వేళ్ళ కణుపులు వాచినా అది రుమటాయిడ్ కావచ్చు, దానికి సప్లిమెంట్లతో కాలయాపన చేస్తే కీళ్ళు వంకరపోతాయి. ఒక్క మోకాలు ఎర్రగా వేడిగా వాచి జ్వరం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు ఉంటే అది కీళ్ళది కాదు, మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళలో బి12 విటమిన్ తగ్గొచ్చు, ఆ పరీక్ష చేయించి తక్కువుంటే వాడండి, తక్కువున్నవాళ్ళకి ఇది నిజంగా తేడా చూపించే సప్లిమెంటు.

ఇక అసలు పనిచేసేది. గుజ్జుకి రక్తనాళాలు ఉండవండీ, తడి స్పాంజిని నొక్కి వదిలితే నీళ్ళు పీల్చుకున్నట్టు, కీలు కదిలినప్పుడే దానికి చుట్టూ ఉన్న ద్రవం నుంచి పోషణ అందుతుంది. నొప్పి అని కదలకుండా కూర్చుంటే గుజ్జుకీ తిండి లేదు, తొడ కండా కరిగిపోతుంది, కండ కరిగేకొద్దీ బరువంతా కీలు మీదే పడుతుంది. అమ్మగారిని మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చోబెట్టి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కి అయిదు సెకన్లు ఉంచి వదలమనండి, పదిసార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి ఇంకో కాలు తిన్నగా అడుగు ఎత్తు లేపి అయిదు సెకన్లు ఆపి దించడం, అదీ పదిసార్లు. తర్వాత చేతుల్లేని కుర్చీ గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి కూర్చోవడం. ఈ మూడూ పూటకి పావుగంట. మొదటి రెండు వారాలు కొంచెం నొప్పి పెరిగినట్టుంటుంది, మర్నాటికల్లా తగ్గిపోతే పర్లేదు, కొనసాగించాలి, మర్నాటికి కూడా ఉంటే సంఖ్య తగ్గించాలి.

ఆ కుర్చీ పనే పరీక్ష కూడా. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టండి, 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ళ బలం తక్కువున్నట్టు లెక్క. ఆ అంకె క్యాలెండర్ మీద రాయించండి. మీరు ఏ సప్లిమెంట్ మొదలుపెట్టినా ఆరోజు ఆ అంకె, మెట్లెక్కితే నొప్పి పదికి ఎంత అనేది రాసి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూడండి, తేడా లేకపోతే ఆపేయండి. ఏళ్ళ తరబడి అలవాటుగా మింగడం కంటే ఇది మేలు.

బరువు గురించి అందరికీ చెప్పి చెప్పి విసుగొస్తుంది కానీ చెప్పక తప్పదు. ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో కొలిచి చూపించారు. 2013లో వచ్చిన ఐడియా అనే పరీక్షలో 454 మంది లావుగా ఉన్న పెద్దవాళ్ళు 18 నెలలు పాల్గొన్నారు, తిండి తగ్గించి వ్యాయామం కూడా చేసిన గుంపుకి ఒక్క వ్యాయామమే చేసినవాళ్ళకంటే నొప్పి బాగా తగ్గింది, నడక మెరుగైంది. ఏ డబ్బాతోనూ ఇంత రాలేదు. మన అమ్మలు తినేది మూడు పూటలా అన్నమే, అందరూ తిన్నాక మిగిలిన కూర, చారు, పచ్చడితో ముగిస్తారు, అన్నం ఎక్కువ పప్పు తక్కువ, దాంతో బరువు పెరుగుతుంది కండ తగ్గుతుంది. రాత్రి అన్నం సగం చేసి ఆ స్థానంలో గట్టి పప్పు, గుడ్డు, పెరుగు పెంచండి. ఈ వయసులో బరువులో కిలోకి ఒక గ్రాము ప్రోటీన్ అయినా పడాలి, 65 కిలోలుంటే 65 గ్రాములు, కిడ్నీ ఇబ్బంది ఉంటే మాత్రం డాక్టరునడిగి. ఇంట్లో కింద కూర్చుని కూరలు తరగడం, పీట మీద కూర్చుని బట్టలుతకడం, గొంతుక్కూర్చునే బాత్రూం ఇవి మార్చండి, కమోడ్ పక్కన పట్టుకోవడానికి రాడ్ వేయించడానికి అయ్యే ఖర్చు కొల్లాజెన్ డబ్బా కంటే ఎక్కువేం కాదు. కర్ర పట్టుకుంటే నామోషీ అనుకుంటారు, నొప్పి ఎక్కువున్న కాలికి ఎదురు చేతిలో పట్టుకుంటే భారం చాలా తగ్గుతుంది, పెళ్ళిళ్ళకీ గుడికీ వెళ్ళేటప్పుడైనా పట్టుకోమనండి.

అక్కడి నుంచి ఏదో ఒకటి తేవాలనే ఉంటే డైక్లోఫెనాక్ 1 శాతం జెల్ తెండి, 2020 నుంచి అమెరికాలో చీటీ లేకుండానే దొరుకుతోంది, పెట్టెలో కొలత గీతలున్న ప్లాస్టిక్ కార్డు ఉంటుంది, అసలు ఉపయోగం దాంతోనే. మన వాళ్ళు శనగగింజంత తీసుకుని రాసి పనిచెయ్యలేదంటారు, ఒక మోకాలికి ఒకసారికి 4 గ్రాములు, రోజుకి నాలుగుసార్లు అనేది కొలత. మార్గదర్శకాల్లో మోకాలికి గట్టిగా సిఫారసు చేసిన వాటిలో ఇదొకటి, మాత్రకంటే రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. అయినా అమ్మగారికి బీపీ, షుగర్ ఉన్నాయి కాబట్టి కిడ్నీ రిపోర్టు చూపించి అడిగి మొదలుపెట్టండి, నొప్పి మాత్ర వేసుకుంటూ దీన్ని కూడా రాయొద్దు, డాక్టరు చెప్పకుండా మూడు వారాలు దాటించొద్దు.

మీరు బయల్దేరేలోపు అమ్మగారి సంచిలో ఉన్న ప్రతి స్ట్రిప్పు, డబ్బా రెండు వైపులా ఫోటోలు తీయించండి, డి విటమిన్, కాల్షియం, క్రియాటినిన్, బి12 రిపోర్టులు, ఆవిడ బరువు, కుర్చీ లెక్క ఇక్కడ రాయండి. పేరు, ఫోన్ నంబరు కనిపించకుండా చెరిపి పెట్టండి. చూసి ఏది డాక్టరుగారిని అడగాలో, వ్యాయామం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.